ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు

మాది కంచరపాలెం. ఇదివరకు ఎవరైనా అడిగితే మెట్టు దగ్గరా, రైతుబజారు దగ్గరా అంటూ ఆనవాళ్ళు చెప్పుకోవలసి వచ్చేది. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా వచ్చాక ఆ బాధ తప్పింది. "ఓహో, ఆ కంచరపాలెమా!" అంటున్నారు. మా ఇంటిని కూడా సినిమాలో చూసినట్టే మొహం పెడతారు. మా ఇల్లు సినిమాలో లేదు. ఉండవలసినంత అందమైనదీ కాదు. కింద రెండు వాటాలు, మేడమీద మేము. అంతే.

పాతికేళ్ళకి పైగా ఆ రెండు వాటాలూ అద్దెకిస్తున్నాం. రైల్వేవాళ్ళు వచ్చారు, పోర్టువాళ్ళు వచ్చారు, స్టీలుప్లాంటువాళ్ళు వచ్చారు, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మాస్టార్లు వచ్చారు. దిగే రోజున అందరూ మంచివాళ్ళే. "గోడకి ఒక్క మేకు కొడితే ఒట్టండి" అన్నవాళ్ళే. ఖాళీ చేశాక తలుపు తీస్తే గానీ అసలు సంగతి తెలీదు. ఒకావిడ వెళ్ళిపోయాక గోడకి నలభైమూడు మేకులు లెక్కపెట్టాను. ఇంకొకాయన బల్బులే కాదు, వాటి హోల్డర్లు కూడా విప్పుకుపోయాడు. అందుకని నాకో సూత్రం ఏర్పడిపోయింది. మనిషిని గుమ్మంలోకి వచ్చేటప్పుడు చూసి లాభం లేదు, గుమ్మం దాటేటప్పుడు చూడాలి.

ఈ సూత్రం కంప్యూటర్లకి కూడా పనికొస్తుందని ఈ మధ్యదాకా నాకు తెలీదు.

మా కోడలు బెంగుళూరులో ఉద్యోగం చేసేది. 2020లో కరోనా వచ్చినప్పుడు చంటిపిల్లతో సహా ఇక్కడికి వచ్చేశారు. రెండేళ్ళు మేడమీద గదిలోంచే పనిచేసింది. ఆ తర్వాత ఆఫీసుకి రావలసిందే అన్నారు. మా అబ్బాయికి ఇక్కడే ఉద్యోగం దొరికింది, పిల్లని బళ్ళో వేశాం, అమ్మాయి ఉద్యోగం మానేసింది. చుట్టుపక్కలవాళ్ళు "పోన్లెండి, హాయిగా ఇంటిపట్టునే ఉంటుంది" అన్నారు. ఆ ‘హాయిగా’ అన్న మాట విన్నప్పుడల్లా ఆ పిల్ల మొహం ఎలా మారేదో నాకు తెలుసు. నలభై ఏళ్ళ కిందట నన్నూ అలాగే హాయిగా కూర్చోబెట్టారు మరి.

ఊరుకోలేక ఒక ప్రోగ్రాం రాసింది. చిన్న చిన్న లైబ్రరీలకి పుస్తకాల పద్దు. ఏ పుస్తకం ఎక్కడుంది, ఎవరు పట్టుకెళ్ళారు, ఎప్పుడు తేవాలి, అన్నీ తెలుగులో. ఇప్పుడంతా ఇంటర్నెట్లోనే కదా, ఇదీ అక్కడే పెట్టొచ్చుగా అని అడిగాను. "హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎన్నాళ్ళు కరెంటూ ఫోన్లూ లేకుండా ఉన్నారో మీరే చెప్పారు కదా అత్తయ్యా" అంది. నిజమే. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను మా విశాఖపట్నం మీదే తీరం దాటింది. వీధిలో చెట్టన్నది మిగల్లేదు. నెట్టు ఉన్నా లేకపోయినా పుస్తకాల లెక్క ఎవరి లైబ్రరీలో వాళ్ళ దగ్గరే ఉండాలని ఆ అమ్మాయి పట్టుదల.

అయితే ప్రోగ్రాం రాయడం ఒక ఎత్తు, దాన్ని ఇంకొకళ్ళ కంప్యూటర్లో కాపురం పెట్టించడం ఇంకో ఎత్తూనట. వందలకొద్దీ ఫైళ్ళుంటాయి. అన్నిటినీ ఒక మూట కట్టి పంపించాలి. అక్కడివాళ్ళు ఆ మూట మీద రెండుసార్లు నొక్కగానే అది తనంతట తనే విప్పుకుని, ఏ సామాను ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టేసి, "దిగిపోయానండీ" అని కబురు చెప్పాలి. ఆ మూటకే ఇన్‌స్టాలరని పేరు. ఆ మూట కట్టిపెట్టే పనిముట్టు ఇన్‌స్టాలర్ బిల్డరు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ ప్రోగ్రాం కావాలన్నవాళ్ళు మూడు రకాలు. దగ్గర్లోని మహిళామండలి లైబ్రరీలో విండోస్ 7 ఉన్న పాత కంప్యూటరు. ఆ విండోస్‌కి 2020 జనవరిలోనే కంపెనీవాళ్ళు నీళ్ళొదిలేశారు, వీళ్ళు మాత్రం వదల్లేదు. రెండోది ఒక ట్రస్టువాళ్ళ బడి. వాళ్ళది డబ్బులక్కర్లేని లినక్స్. ఆ ట్రస్టు పెద్దాయన ఉండేది అమెరికాలో, వాడేది ఆపిల్ వాళ్ళ మ్యాక్. ముందు తను చూసి సరేనంటే గానీ బడిలో పెట్టకూడదన్నాడు.

మూడిళ్ళు, మూడు ఆచారాలు. విండోస్ ఇంట్లో ఎవరు దిగినా రిజిస్ట్రీ అనే పెద్ద దస్త్రంలో పేరు రాయించుకోవాలి. మ్యాక్‌లో అంత తతంగం లేదు. సామానంతా ఒకే పెట్టెలో పెట్టి అప్లికేషన్స్ అనే గదిలోకి జరిపేస్తే సరి, కానీ గుమ్మం దగ్గర కాపలావాడు మహా గట్టివాడు. లినక్స్ ఉమ్మడి కుటుంబం. గిన్నెలొక అలమారులో, బట్టలొక అలమారులో సర్దాలి. ఎవరి సామాను ఎక్కడుందో ఇంటిపెద్ద లెక్క రాసుకుంటాడు. ఆయన పేరు ప్యాకేజీ మేనేజరు.

అన్నట్టు ఈ లినక్స్‌లో డెబియన్ అని ఒక రకం ఉంది. బళ్ళో ఉన్నది ఆ వంశానిదే. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయన్ మర్డాక్ అనే అబ్బాయి తను ప్రేమించిన డెబ్రా పేరూ తన పేరూ కలిపి డెబియన్ అని పెట్టాడట. పైగా ఆవిడ పేరే ముందు! ఆ ఇంట్లోకి వెళ్ళే మూట పేరు చివర ఇప్పటికీ ‘డెబ్’ అనే ఉంటుంది. ఈ మాట వినగానే నాకు లినక్స్ మీద గౌరవం పెరిగింది. మా వారి వంక చూశాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మా వారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఏ విషయం వచ్చినా పోర్టు దగ్గర మొదలుపెట్టి పోర్టు దగ్గరే ఆపుతారు. "మూడు మూటలెందుకే? కంటైనర్ చూళ్ళేదూ? 1956లో అమెరికాలో మెక్లీన్ అనే లారీలాయన యాభై ఎనిమిది పెట్టెలు ఓడెక్కించాడు. అంతకుముందు బస్తా బస్తా లారీ దించి, ఓడెక్కించి, మళ్ళీ దించి నడుములు విరగ్గొట్టుకునేవారు. ఇప్పుడు అదే పెట్టె లారీ మీదా, రైలు మీదా, ఓడ మీదా కూర్చుంటుంది. నాలుగు మూలలా బిగించే ఏర్పాటు ఒక్కటే కాబట్టి. ఇక్కడ మనకీ 2003 నుంచి కంటైనర్ టెర్మినల్ ఉంది. నీ కోడలికి కూడా అలాంటిదే కావాలి. ఒకసారి సర్దు, మూడు చోట్లకీ పంపు."

అలాంటివి ఉన్నాయట. ఒక్కసారి వివరాలన్నీ రాసిపెడితే మూడు రకాల కంప్యూటర్లకీ మూటలు కట్టిచ్చే బిల్డర్లు. కోడలు పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి గళ్ళు గీసి జాబితా వేసింది. ఇన్‌స్టాల్‌బిల్డర్, ఇన్‌స్టాల్‌ఎనీవేర్: ఇవి డబ్బులు పెట్టి కొనాలి. ఇన్‌స్టాల్‌ఫోర్‌జే కూడా కొనేదే, జావాలో రాసిన ప్రోగ్రాములకి వాడతారు. ఇజ్‌ప్యాక్ ఉచితం, కానీ అవతలి కంప్యూటర్లో ముందే జావా ఉండాలి. "వచ్చినవాళ్ళకి జావ కాచి పెట్టాలా?" అన్నాను. పాపం, ఆ పిల్ల నవ్వలేక నవ్వింది. ఆఖరున క్యూటీ ఇన్‌స్టాలర్ ఫ్రేమ్‌వర్క్. దీన్ని ‘క్యూట్’ అని పలకాలట. మూడు చోట్లకీ పనికొస్తుంది, ఉచితం.

మా అబ్బాయి అడ్డం పడ్డాడు. "అన్ని చోట్లకీ ఒకటే అన్నది ఎక్కడా సరిగ్గా అమరదు. ఎవరింటి పద్ధతి వాళ్ళది. విండోస్‌కి ఎన్ఎస్ఐఎస్ ఉంది. లినక్స్‌కి డెబ్ మూట కడదాం, ఇంటిపెద్ద లెక్కలోకి పద్ధతిగా ఎక్కుతుంది. మ్యాక్‌కి మ్యాక్‌ది" అన్నాడు. ఎన్ఎస్ఐఎస్ అంటే వాడికి అభిమానం. కాలేజీ రోజుల్లో రాత్రింబవళ్ళు విన్‌యాంప్‌లో పాటలు వినేవాడు. ఆ విన్‌యాంప్ చేసినవాళ్ళే దాన్ని జనానికి పంచడానికి ఈ ఎన్ఎస్ఐఎస్ తయారు చేసుకున్నారట. కుర్రతనపు పాటల మీద మమకారం ఎక్కడికి పోతుంది?

మొగుడూ పెళ్ళాల మాటల్లో చివరికి వాడి మాటే నెగ్గింది. మూడు పనిముట్లు, మూడు మూటలు.

పరీక్షించే పని నాకు అప్పగించారు. "అత్తయ్యకి అర్థమైతే అందరికీ అర్థమవుతుంది" అని కోడలు అంటే పొగడ్తో తెగడ్తో తేల్చుకోలేక ఒప్పుకున్నాను. మా పాత కంప్యూటర్లో నా పేరు తెలుగులోనే పెట్టుకున్నాను లెండి. మొదటి మూట విప్పానో లేదో, నా పేరు ఉండవలసిన చోట వరసగా ప్రశ్నార్థకాలు! నీ పేరేమిటమ్మా అని ఆరుసార్లు అడిగినట్టు. ఆ దారి దొరక్క ప్రోగ్రాం దిగనే లేదు. తప్పు పనిముట్టుది కాదు. మా వాడు ఎప్పుడో దాచుకున్న పాత కాపీ వాడాడు. 2016లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి యూనికోడ్ మూటలు కట్టొచ్చు. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే మన తెలుగుకి చోటుంది, మా వాడి పాత కాపీలోనే లేదు!

అక్షరాలు కూడా మూటలోనే కట్టి పంపించింది మా కోడలు. అవతలి కంప్యూటర్లో తెలుగు ఫాంటు ఎలాంటిదుందో నమ్మకం లేదు కదా. ఎవరైనా వాడుకోవచ్చని అనుమతిచ్చిన తెలుగు ఫాంట్లకి పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన, తెనాలి రామకృష్ణ అని పేర్లు పెట్టారు. చివరికి శ్రీకృష్ణదేవరాయలు కూడా ఉన్నాడు. భువనవిజయం అంతా మూటలో కూర్చోబెట్టుకోవచ్చన్నమాట.

సరే, మూడు చోట్లా దిగింది. అమెరికా పెద్దాయన మ్యాక్ మాత్రం కాపలావాడి దగ్గరే ఆగిపోయింది. 2019లో వచ్చిన కేటలీనా నుంచి, మూటని ముందు ఆపిల్ వాళ్ళకి చూపించి ముద్ర వేయించుకుంటే తప్ప సులువుగా లోపలికి రానివ్వరు. అందుకు వాళ్ళ దగ్గర సభ్యత్వం ఏడాదికి తొంభైతొమ్మిది డాలర్లు. "ఏటేటానా? ఇంటిపన్నులా?" అని గొణుక్కుంటూనే మా వారు పెన్షన్ డబ్బుల్లోంచి కట్టారు. ఏ బిల్డరు వాడినా ఈ పన్ను మాత్రం తప్పదట.

బడి లైబ్రరీ చూసేది రిటైరైన టీచరమ్మ. జీతం లేదు, ఇష్టం కొద్దీ వస్తారు. మూడు నెలలపాటు రోజూ మధ్యాహ్నం కూర్చుని పద్ధెనిమిది వందల పైచిలుకు పుస్తకాలు ఒంటివేలితో ఎక్కించారు. అంతటితో ఊరుకోలేదు. ‘వివరాలు’ అన్న గడిలో, పుస్తకం తిరిగి తెచ్చిన పిల్లలు దాని గురించి ఏమన్నారో కూడా రాసేవారు. "రాజు చెడ్డవాడు, నాకు నచ్చాడు" అని ఒకడు. "చివర్న కుక్క చచ్చిపోయింది, ఇంకెవరికీ ఇవ్వకండి" అని ఒక పిల్ల. నేను వెళ్ళినప్పుడల్లా చదివి వినిపించేవారు.

ఒక శుక్రవారం కోడలు ప్రోగ్రాంలో చిన్న లోపం సరిచేసి కొత్త మూట పంపించింది. శనివారం పొద్దున్నే ఫోను. "అమ్మాయీ, పుస్తకాలు కనిపించడం లేదు" అన్నారు టీచరమ్మ. ఫోను స్పీకర్లో ఉంది, నేనూ విన్నాను. గొంతులో కోపం లేదు. అదే భయం వేసింది.

జరిగిందేమిటంటే, కొత్త వెర్షన్ దిగాలంటే పాతది ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేసేటప్పుడు ఏం చెయ్యాలో ఒక చీటీ రాసిపెడతారు. విండోస్ మూటలో "పుస్తకాల లెక్క జోలికి పోవద్దు" అని కోడలు రాసింది. మూడు మూటలకి మూడు చీటీలాయె! లినక్స్ చీటీలో ఆ మాట రాయడం మరిచిపోయింది. డెబియన్ మాత్రం పద్ధతి తప్పలేదు. ఇల్లు వదిలి వెళ్తుంటే ఒకటి, ఆనవాలు కూడా మిగలకుండా తుడిచేసి వెళ్తుంటే ఒకటి, కొత్తది వస్తోందని తప్పుకుంటుంటే ఒకటి అని విడివిడిగా కబురు చెబుతుంది. ఆ కబురు వినిపించుకోకుండా మా చీటీ ప్రతిసారీ గది మొత్తం ఊడ్చేసింది. ఇంకో నకలు దాచే ఏర్పాటు అప్పటికింకా ప్రోగ్రాంలో లేదు.

ఆ సాయంత్రం కోడలు అన్నం తినలేదు. "నేను మానేస్తాను అత్తయ్యా. ఉద్యోగం మానేసినప్పుడే ఇవన్నీ మానెయ్యవలసింది" అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. చెయ్యి పట్టుకుని కింద వాటాలోకి తీసుకెళ్ళాను. అప్పుడది ఖాళీగా ఉంది. వంటింటి తలుపు వారగా గోడ చూపించాను. తెల్లగా, శుభ్రంగా ఉంది.

మేడ కట్టకముందు మేం ఆ వాటాలోనే ఉండేవాళ్ళం. ప్రతి పుట్టినరోజుకీ మా అబ్బాయిని ఆ గోడకి నిలబెట్టి పెన్సిలు గీత గీసేదాన్ని. మూడో ఏడు నుంచి పదకొండో ఏడు వరకూ తొమ్మిది గీతలు. తర్వాత అందులో అద్దెకున్న ఒకావిడ బంగారంలాంటి మనిషి. వెళ్ళేముందు సొంత డబ్బుతో వాటా అంతా సున్నం వేయించి తాళాలు చేతిలో పెట్టింది. "మీ గోడ పాడుచేశామన్న మాట రాకూడదండీ" అంది. నలభైమూడు మేకులావిడని ఇప్పటికీ తిట్టుకుంటాను. ఈవిడని ఒక్క మాట అనలేకపోయాను. ఆవిడకేం తెలుసు, ఆ గీతలు తన పిల్లలవి కావు, మావని?

కోడలు ఆ గోడ వంక చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే "బడికి వెళ్దాం రండి" అంది.

పుస్తకాల పేర్లు స్టాకు రిజిస్టర్లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. టీచరమ్మ చదివితే కోడలు ఎక్కించింది, ఆవిడ అలిసిపోతే నేను చదివాను. మా వారు అలమారుల దగ్గర నిలబడి పుస్తకాలు సరిచూశారు. తొమ్మిది రోజులు పట్టింది. పిల్లల మాటలు మాత్రం ఏ రిజిస్టర్లోనూ లేవు. టీచరమ్మ మళ్ళీ అడిగారు. కొందరు గుర్తులేదన్నారు. రాజు నచ్చినవాడు ఇప్పుడు నచ్చలేదన్నాడు. కుక్క పిల్ల వేరే ఊరు వెళ్ళిపోయింది. కోడలు క్షమించమంటే "మళ్ళీ చెబుతారులే, పిల్లలు చెప్పడం ఆపుతారా?" అన్నారు టీచరమ్మ. కానీ ఆ ‘వివరాలు’ గడి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిడ వేలు కాసేపు ఆగేది. అది కోడలూ చూసింది, నేనూ చూశాను.

తొమ్మిదో రోజు రాత్రి క్యాలెండరు కాగితం మళ్ళీ బయటికి వచ్చింది. ఈసారి గళ్ళు లేవు. ఒక్కటే ప్రశ్న: ఖాళీ చేసేటప్పుడు ఏం చేస్తుంది? ఆ మాట ఒక్క చోట రాస్తే మూడిళ్ళలోనూ చెల్లుతుందా, మూడు చోట్లా గుర్తుపెట్టుకుని రాయాలా? గుర్తుపెట్టుకోవలసి వస్తే మనిషి ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతుంది. ముఖ్యంగా పక్కన చంటిపిల్ల ఏడుస్తుంటే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే, ఒక్కత్తీ అన్నీ చేసుకుంటుంటే. పదిమంది పనిచేసే కంపెనీకి మూడు పనిముట్లు సరే. ఒంటిచేతి మనిషికి ఒకటే నయం. మా అబ్బాయి కూడా ఒప్పుకున్నాడు.

"కొనేదే కొనుక్కో, నేనిస్తాను" అన్నారు మా వారు. కోడలు ఒప్పుకోలేదు. "ఏటేటా ఆ ఇంటిపన్ను కడుతున్నారు, చాలు మావయ్యగారూ" అని ఉచితంగా వచ్చే క్యూట్‌నే తీసుకుంది. అయితే దానికీ ఒక అలవాటుందట. ఏమీ చెప్పకపోతే ఖాళీ చేసేటప్పుడు తను దిగిన గదిని పూర్తిగా తీసేసి వెళ్తుంది. ఆ అలవాటు మానిపించడానికి ఒక మాట రాయొచ్చు. రాసింది. అంతటితో ఊరుకోకుండా పుస్తకాల లెక్కని ఆ గదిలోనే ఉంచకుండా, అది వాడేవాళ్ళ సొంత అరలోకి మార్చేసింది. రోజూ ఒక నకలు దాచే ఏర్పాటు కూడా పెట్టింది. డెబ్ మూట పోయింది, అంటే డెబ్రా పేరూ పోయింది. అది నాకు కొంచెం కష్టంగానే ఉంది. ఇంటిపెద్ద లెక్కలోకి ఎక్కకుండా దిగడం మర్యాద కాదని మా అబ్బాయి ఇప్పటికీ సణుగుతాడు. వాడు చెప్పిందీ అబద్ధం కాదు. మా వారికి మాత్రం కంటైనర్ గెలిచిందని సంతోషం, వచ్చినవాళ్ళందరికీ మెక్లీన్ కథ చెబుతున్నారు.

ఇప్పుడు కొత్త మూట తయారైనప్పుడల్లా మొదట నా దగ్గరికే వస్తుంది. దింపుతాను. ఒక పుస్తకం పేరు ఎక్కించి, వివరాల గడిలో మా మనవరాలు ఆ రోజు అన్న మాట ఏదో ఒకటి రాస్తాను. తర్వాత ప్రోగ్రాం తీసేస్తాను. మళ్ళీ దింపి తెరుస్తాను. అప్పుడు కోడలు నా వెనకాలే నిలబడి ఉంటుంది, చేతిలో గరిటెతో సహా.

నిన్న రాత్రి కూడా తెరిచాను. "మామ్మకి స్పెల్లింగులు రావు" అని ఉంది. ఉన్నది ఉన్నట్టే ఉంది.